బొట్టు పెట్టిన మౌసు

ఆ రోజుల్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులతో పోకూడదు. ఆ నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ మార్కాపురంలో నేను చూసిన ప్రతి ఆఫీసులోనూ ఉండేది. గుమ్మం బయట చెప్పులు విడిచి, గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి లోపలికి అడుగుపెట్టేవాళ్లం. లోపల దానికొక ప్లాస్టిక్ కవరు, ఆ కవరు మీద మళ్లీ ఒక తువ్వాలు. ఆకాశం ఉరిమితే ముందు దాని ప్లగ్గు పీకి, ఆ తర్వాతే ఆరేసిన మిరపకాయల సంగతి చూసేవాళ్లు. ఇప్పుడు మా పిల్లలు అంతకంటే ఎంతో బలమైన యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని దాని మీదే చెనిక్కాయలు వలుచుకుంటారు. అది చూస్తే నాకు కోపం రాదు, ఎవరో పెద్దమనిషిని ఏకవచనంతో పిలిచినట్టు మనసు చివుక్కుమంటుంది. యంత్రానికి మర్యాద ఇవ్వడం తెలివితక్కువతనమే కావచ్చు. కానీ ఆ తెలివితక్కువతనమే ఒకసారి ఒక ఇంటి పొయ్యి ఆరిపోకుండా కాపాడింది. నా ఉద్యోగాన్ని ఊడగొట్టిందీ అదే.

మాది త్రిపురాంతకం పక్కన ఒక పల్లె. కంది, మిరప, మిగతాదంతా వాన దయ. డిగ్రీ అయ్యాక మార్కాపురంలో కంప్యూటరు కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్టుకు లామినేషన్ కూడా చేయించుకుని ఎదురుచూస్తుంటే, ఒక పలకల ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. (పలకలంటే బడిపిల్లలవి అనుకునేరు. వాటి కాలం అప్పటికే వెళ్లిపోతోంది. ఇవి ఇళ్ల గోడలకు, నేలకు అతికించే రాతి పలకలు. మా రాయి ఓడలెక్కి ఏయే దేశాలకో పోయేది. మేము మాత్రం ఒంగోలు బస్సెక్కడానికి కూడా ఇంట్లో అడిగేవాళ్లం.) పిలుపు వచ్చిందే తడవు మా నాయన టీ అంగడిలో, ఎరువుల దుకాణంలో, దోర్నాల బస్సులో పక్క సీటు మనిషికి కూడా చెప్పేశాడు. "మా పాప మార్కాపురంలో కంప్యూటర్ ఆఫీసరైంది." నేనింకా ఆ ఆఫీసు గుమ్మం కూడా తొక్కలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మా నాయన వరస. ఆపుదామంటే ఆ మనిషి ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. ఊరుకున్నాను.

ఫ్యాక్టరీ అప్పుడే చిన్న షావుకారు చేతికి వచ్చింది. తండ్రి పెట్టిన వ్యాపారం, కొడుకు పెట్టిన గాజు తలుపు. మెత్తటి మనిషి. కటువైన సంగతి కూడా కుంకుడు నురగలో ముంచి చెబుతాడు. మొదటి రోజే తన గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు.

"చూడమ్మా, పాత కంప్యూటరు పోయింది. కొత్తది వస్తాంది. బయట టైపు చేసే మా టైపత్తకు ఆ పాత సాఫ్ట్‌వేరు తప్ప ఇంకోటి రాదు. అది కొత్తదాంట్లో నడిచిందనుకో, అత్త పని అత్త చేసుకుంటాది. నీకు ఈ వారం కష్టానికి ఏదో ఇచ్చి పంపిస్తా. నడవలేదనుకో, కొత్త సాఫ్ట్‌వేరులో నువ్వు చేద్దువు, అత్త ఇంటికాడ రెస్టు తీసుకుంటాది. ఇద్దరికి సరిపోయే పని మాకాడ లేదు. సోమవారం లోడు మద్రాసుకు పోవాల. శనివారానికి తేల్చు."

అంటే నా పని నేను బాగా చేస్తే ఉద్యోగం పోతుంది. చేతకాకపోతే ఉద్యోగం వస్తుంది. (మా కోర్సులో ఇటువంటి ప్రశ్న ఒక్కటీ రాలేదు.) సరేనని తల ఊపి బయటికి వస్తే, ఆయన గదికీ బయటి గదికీ మధ్య ఉన్నది ఒక చెక్క గోడ, దానికి ఆనుకునే టైపత్త కుర్చీ. ఆమె నన్ను చూసి నవ్వి, "అన్నం తెచ్చుకున్నావా పాపా?" అని అడిగింది.

హమాలీల నుంచి షావుకారు దాకా అందరికీ ఆమె టైపత్తే. వాళ్లాయన ఆ ఫ్యాక్టరీలోనే రాతి గనుల పనులు చూస్తూ ఆఫీసుల చుట్టూ తిరిగేవాడట. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్లు. ఇంట్లో ఆమె, ఆమె అత్తగారు, ఇద్దరే. ఇద్దరికీ కలిపి ఆ జీతమే. పెళ్లికి ముందు నేర్చుకున్న టైపుతో ఆఫీసులో చేరింది. తర్వాత టైపు మిషను పోయి కంప్యూటరు వస్తే, బెజవాడ నుంచి వచ్చిన ఒకతను ఈ సాఫ్ట్‌వేరు ఎక్కించి నేర్పి వెళ్లాడు. అప్పటి నుంచి ఉత్తరాలు, బిల్లులు, ఏ పెట్టెలో ఏ సైజు పలకలున్నాయో చెప్పే కాగితాలు, అన్నీ దాంట్లోనే. ఏ పనికి ఏ మీట నొక్కాలో ఆమె వేళ్లకు తెలుసు, నోటికి తెలియదు. అడిగితే గాలిలో వేళ్లు ఆడించి చూసుకుని "ఇదో, ఇది" అనేది. మీటలను మాత్రం టైపు మిషను మీద కొట్టినట్టే కొట్టేది. అక్షరాలన్నీ అరిగిపోయి పాత కీబోర్డు బోడిగుండులా ఉండేది. ఇక వరస అయిపోగానే ఎడమ చేయి దానంతటదే పైకి లేచి, లేని టైపు మిషను క్యారేజీని పక్కకు నెట్టి దిగేది. మౌసంటే ఆమెకు నమ్మకం లేదు. అవసరమైతే చూపుడువేలితో ఒక్కసారి తాకి వెంటనే చేయి తీసేసుకునేది.

కొత్త కంప్యూటరు గురువారం వచ్చింది. షావుకారు తల్లి పూజ చేయందే ముట్టుకోవడానికి వీల్లేదంది. "బండి కొంటే పూజ లేకుండా తోల్తామా?" అని ఆమె వాదన. పూజారి వచ్చాడు, కొబ్బరికాయ కొట్టాడు, హారతి ఇచ్చాడు. అంతా సవ్యంగా జరిగి, నిమ్మకాయల దగ్గర ఆగిపోయింది. బండికైతే చక్రాల కింద పెట్టి తొక్కిస్తారు. "దీనికి చక్రాలు యాడుండాయి?" అని ఆయన వంగి బల్ల కిందంతా వెతికాడు. చివరికి ఆయన చూపు కంప్యూటరుతో పాటు కొన్న కొత్త కుర్చీ మీద పడింది. దానికున్నాయి చక్రాలు. ఒక్కో చక్రం కింద ఒక్కో కాయ పెట్టి, "కూచో పాపా, మెల్లగా ముందుకు రా" అన్నాడు. నేను భక్తిగా కూర్చున్నాను. కాలితో నేలను తన్నాను. కుర్చీ ముందుకు రాలేదు. కాయలు తలో దిక్కుకు జారాయి, కుర్చీ నన్ను మోసుకుని వెనక్కి పోయి ఇనుప బీరువాకు గుద్దుకుంది. బీరువా మీదున్న పాత పలకల శాంపిళ్లు గలగలమన్నాయి. ఒక్కరూ నవ్వలేదు. "దిష్టి పోయింది" అన్నాడు పూజారి గంభీరంగా.

తర్వాత ముహూర్తానికి స్విచ్చి నొక్కితే, కొత్త ఆపరేటింగ్ సిస్టం తనను తాను సర్దుకోవడానికి కాసేపు ఆగమంది. ఆ కాసేపు అలా సాగుతూనే ఉంది. "ఏందమ్మా ఇది, వర్జ్యం వస్తాంది, తొందరగా కానీమను" అని పూజారి నన్ను కసిరాడు, అదేదో నేను కన్న పిల్లలా. అది కదలకపోయేసరికి, తను చేయగలిగింది తను చేద్దామని గిన్నెడు పసుపు కలిపి తెరకు, కీబోర్డుకు, ప్రింటరుకు బొట్లు పెట్టాడు. మౌసుకైతే ఉగాదినాడు ఎద్దు నుదుటికి పెట్టినంత పెట్టి, దాని మీద కుంకుమ అద్దాడు. "ఎక్కువ వాడేది దీన్నే గదా" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది కాబట్టి ఎవరం అడ్డు చెప్పలేదు.

ఆ సాయంత్రం పాత సీడీ తెచ్చి సాఫ్ట్‌వేరు ఎక్కించాను. బుద్ధిగా ఎక్కింది. తెరవబోతే మాత్రం తెర ఒకసారి మిణుక్కుమని, ఇది ఈ ఆపరేటింగ్ సిస్టంలో నడవదని ఒక ముక్క చెప్పి మాయమైంది. తీసి మళ్లీ ఎక్కించాను. ఇంకో చోట ఎక్కించాను. మా కోర్సు సారుకు ఫోన్ చేస్తే, "అది ఎప్పటిదమ్మా? తీసి పారెయ్, కొత్తది నేర్పియ్" అన్నాడు. శుక్రవారమంతా అత్తకు కొత్తది నేర్పడానికి చూశాను. ఆమె చదువు లేని మనిషి కాదు, మొండి మనిషీ కాదు. నోటు పుస్తకం తీసుకుని కూర్చుంది. కానీ కొత్తదాంట్లో తెర పైభాగమంతా చిన్న చిన్న బొమ్మలు. ప్రతిదీ మౌసుతోనే. ఆమె చేయి పైకీ కిందికీ తిరిగి తిరిగి ఆగిపోయేది.

"నా వంటింట్లోకి ఎవరో వచ్చి డబ్బాలన్నీ మార్చి పెట్టినట్టుంది పాపా" అంది. "ఉప్పుందని తెలుసు. చింతపండుందని తెలుసు. యాడుండాయో తెలియడం లేదు."

మధ్యాహ్నం తన డబ్బాలోంచి జొన్నరొట్టె తుంచి నా మూతలో పెట్టింది. ఎట్లైనా చేయి అని ఒక్క మాట అనలేదు. బతిమాలి ఉంటే నాకు తేలికయ్యేది. బతిమాలేవాళ్లకు కాదని చెప్పడం కష్టం గానీ, ఏమీ అడగని మనిషి పక్కన కూర్చుని రొట్టె తినడం అంతకంటే కష్టం. ఆ సాయంత్రం బస్సులో ఒక మనసు, "నడవదులే, నీ తప్పేముంది" అంటోంది. ఇంకో మనసు ఆ మాట విని సిగ్గుపడుతోంది. దిగగానే నాయన, "ఏంది, ఆఫీసర్‌కు కుర్చీ ఇచ్చినారా?" అన్నాడు. చక్రాల కుర్చీ ఇచ్చారని చెప్పాను.

శనివారం పొద్దున కూర్చుంటే మౌసు ఎడమ మీట పనిచేయలేదు. నొక్కితే లోపల ఏదో గట్టిగా తగులుతోంది. తిరగేసి, విదిలించి చూస్తే పసుపు రాలింది. పూజారి పెట్టిన బొట్టు సందులోంచి లోపలికి దిగి, ఎండి, రాయిలా పట్టేసింది. కొత్త మౌసు కావాలంటే షావుకారు రావాలి, ఆయన వచ్చేది మధ్యాహ్నం. చేసేదేమీ లేక, పనిచేస్తున్న కుడి మీటతోనే కనిపించినదాని మీదల్లా నొక్కుతూ కూర్చున్నాను. (అంతవరకు ఆ కుడి మీట జోలికి నేను పెద్దగా పోలేదు. మా కోర్సులో ఎడమ దానికే అలవాటు చేశారు.) అలా పాత సాఫ్ట్‌వేరు గుర్తు మీద నొక్కితే మాటల వరస ఒకటి కిందికి జారింది. అట్టడుగున ప్రాపర్టీస్ అని ఉంది. దాన్ని తెరిస్తే లోపల ఇంకో పేజీ, కంపాటిబిలిటీ అని. అందులో ఒక ఖాళీ గడి, దాని కింద పాత ఆపరేటింగ్ సిస్టంల పేర్లు.

చదివాను. మళ్లీ చదివాను. అర్థమయ్యాక నా చేయి ఒళ్లోకి వచ్చేసింది.

పక్కన కుర్చీలో ఉన్న అత్త నా ముఖం చూసింది. "ఏందది?"

"ఈ గడిలో టిక్కు పెడితే, కొత్త కంప్యూటరు నీ పాతదానికి ఒక అబద్ధం చెప్తాదత్తా. ఏమీ మారలేదు, నువ్వింకా ఆ కాలంలోనే ఉండావు, నీ పని నువ్వు చేసుకో అని."

"అది నమ్ముతాదా?"

"నమ్మితే నడుస్తాది."

ఆమె కాసేపు తెరనే చూసి, "ఇంతేనా?" అంది. "ఇది నేను మా ఇంట్లో రోజూ చేస్తానే ఉండా పాపా."

అప్పుడు చెప్పింది. వాళ్ల అత్తగారికి మతిమరుపు. కొడుకు పోయిన సంగతి ఆమెకు గుర్తుండదు. ఎవరు గడప తొక్కినా వాడొచ్చినాడా అని అడుగుతుంది. "మొదట్లో నిజమే చెప్తాంటి. చెప్పినప్పుడల్లా ఆమెకు కొడుకు ఆ నిమిషానే పోయినట్టు. ఎన్నిసార్లని ఏడిపిస్తాను? అందుకే కర్నూలు పోయినాడత్తా, కలెక్టరాఫీసులో పనుంది, వచ్చే బస్సుకు వస్తాడు అని చెప్తా. సరేలే అంటాది." (మా తాలూకాలు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఒంగోలు కింద కలిపి ఎంతో కాలమైనా, ఆ ముసలామెకు కలెక్టరు ఇంకా కర్నూల్లోనే ఉన్నాడు.)

అత్తే మళ్లీ అంది, "ఇది పెడితే నీ పని పోతాది గదా?"

"నీకు తెలుసా?"

"చెక్క గోడ పాపా అది. షావుకారు మెత్తగా మాట్లాడినా వినపడతాది." కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నువ్వు ముట్టుకోవద్దు. ఏ మీటనో చెప్పు, నేనే నొక్కుతా. మీ నాయన అడిగితే టైపత్త నొక్కిందని చెప్పు."

ఆ క్షణంలో నాకు మా నాయన ముఖం కనిపించింది. టీ అంగడి కనిపించింది. లామినేషన్ చేయించిన సర్టిఫికెట్టు కూడా కనిపించింది. అన్నిటికీ ముందు, ఇంకా మూతలోనే ఉన్నట్టు ఆ రొట్టె ముక్క కనిపించింది. ఎలాగూ మౌసు పనిచేయదు, మిగతా దారంతా కీబోర్డు మీదే. కీబోర్డు ఆమె రాజ్యం. ఇక్కడ ఇది, అక్కడ అది అని చెబుతూ ఆ గడి దాకా తీసుకుపోయి, "ఇప్పుడు స్పేస్ బార్ అత్తా" అన్నాను. ఆమె బల్ల అదిరేలా కొట్టింది. గడిలో టిక్కు పడింది. పాత సాఫ్ట్‌వేరు ఒక్క క్షణం తటపటాయించి, బూడిదరంగు ముఖంతో తెర నిండా తెరుచుకుంది, ఎక్కడికీ పోనట్టే. అత్త వేళ్లు వెంటనే పనిలో పడ్డాయి. వరస చివర ఆమె ఎడమ చేయి లేచి, లేని మిషనును పక్కకు నెట్టి దిగింది. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనా, ఉద్యోగం పోయినందుకా అంటే రెండూ ఉన్నాయి, ఏది ఎంతో విడదీయలేను.

మధ్యాహ్నానికి షావుకారు వచ్చి, చూసి, "భలేదానివే" అన్నాడు. మాట ప్రకారం కవరు చేతిలో పెట్టి, ఏదైనా పనుంటే పిలుస్తానన్నాడు. శనివారం ఒంటిపూట. అత్త నన్ను బస్టాండుకు పోనివ్వలేదు, అన్నం తిని పొమ్మని వెనక సందులో ఉన్న ఇంటికి తీసుకుపోయింది. ఒక గది, ఒక వంటిల్లు. గడప పక్కన మంచం మీద అవ్వ. అత్త వంటింట్లోకి పోగానే అవ్వ నన్ను దగ్గరికి రమ్మంది.

"ఎవురమ్మా నువ్వు? మా వాడు కనపడినాడా?"

వంటింటి వైపు చూశాను. అత్త రాలేదు. "కనపడినాడవ్వా" అన్నాను. "కర్నూల్లో పని అయిపోయిందంట. వచ్చే బస్సుకు వస్తానన్నాడు."

అవ్వ నన్ను కాసేపు చూసింది. నా చెంప నిమిరి, "మంచిమాట చెప్పినావు తల్లీ" అంది. "ఆకలైతాంటాది, కూచో." గోడ పట్టుకుని తానే లేచింది. కంచాలు తీసి పమిట కొంగుతో తుడిచి వరసగా వేసింది. అత్తకొకటి, నాకొకటి, తనకొకటి. పుల్లకూర పప్పు, వేడన్నం. తింటున్నంతసేపూ అవ్వ కొడుకు మాట మళ్లీ ఎత్తలేదు, నాకు నెయ్యి వేయమని మాత్రం కోడలిని రెండు మూడుసార్లు కసిరింది.

ఇంటికి పోయి జరిగింది నాయనకు చెప్పాను. టైపత్త నొక్కిందని కూడా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "పోయిన పని అయిందా, లేదా?" అన్నాడు. అయిందన్నాను. "మరింకేంది" అని లేచి చొక్కా వేసుకుని టీ అంగడికి పోయాడు. మర్నాటికి ఊళ్లో కొత్త కథ. "మార్కాపురంలో చచ్చిపోయిన సాఫ్ట్‌వేరును మా పాప బతికించి వచ్చింది. ఉండమని షావుకారు కాళ్లావేళ్లా పడినాడు, మేమే వద్దన్నాం."

ఆ తర్వాత నాకు వేరే పని దొరికింది, పెళ్లయింది, ఇప్పుడు గిద్దలూరులో ఒక కాలేజీ ఆఫీసులో ఉన్నాను. టైపత్త పని చేసినన్నాళ్లు ఆ పాతదాంట్లోనే చేసి, తనంతట తానే మానుకుందని విన్నాను. ఆ రోజు ఆమెను అంత తిప్పలు పెట్టిన కొత్త సాఫ్ట్‌వేరు ఇప్పుడు నా పాత సాఫ్ట్‌వేరు. దాంట్లో నా డబ్బాలన్నీ ఎక్కడున్నాయో నాకు తెలుసు. మొన్న కాలేజీకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి, వాటిలో నా పాతది నడవనంది. కంప్యూటరు పాఠాలు చెప్పే అమ్మాయి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, ఏవేవో మార్చి లేచింది.

"అయిపోయింది మేడం. మీ పాతదే. అట్లనే ఉంది చూడండి."

చూశాను. రంగులు పాతవే, పైన వరస పాతదే. కానీ మూలన ఉన్న చిన్న అక్షరాలు కొత్తవి. ఆ పిల్ల కొత్తదానికి పాత ముఖం తగిలించింది, నేను బాధపడకూడదని. నా వైపే చూస్తోంది, నమ్మానా లేదా అని. "అవునమ్మా, పాతదే" అన్నాను. ఆమె ముఖం తేలికపడింది. గాజు తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

అప్పుడు గుర్తొచ్చాయి అవ్వ వేసిన ఆ మూడు కంచాలు. ఇన్నేళ్లూ ఆ ఇంటి పప్పు రుచి గుర్తుంది, నెయ్యి గుర్తుంది, అవ్వను ఎంత చక్కగా నమ్మించానో అని బస్సులో కిటికీ పక్కన కూర్చుని మురిసిపోవడమూ గుర్తుంది. లామినేషన్ సర్టిఫికెట్టు పిల్లకు అంతకంటే ఏం తెలుస్తుంది? తలుచుకుని నవ్వుకున్నాను. కొడుకు వచ్చే బస్సుకే దిగుతాడని నమ్మిన తల్లి, అన్నం వేళ, వాడికొక కంచం వేయదా?